తాళాల గుత్తిలో బుడ్డ లైటు

ముందు నా జబ్బు సంగతి

రిటైరై జనగామలో ఇల్లు కట్టుకున్నాను గాని ఇంట్లో కూర్చోవడం నాకు చేతకాలేదు. పొద్దున్నే లేచి బస్టాండు దాకా పోతాను, అక్కణ్ణుంచి రైల్వేస్టేషన్ దాకా పోతాను. ఎక్కేది లేదు, దిగేది లేదు, మళ్లీ వెనక్కి వస్తాను. "కాలుగాలిన పిల్లి తీరు ఏం తిరుగుడయ్యా ఇది? ఒక్కకాడ కుదురుగ కూసోరాదూ" అంటుంది మా ఆవిడ. ఆమెది మహబూబాబాద్ దగ్గర పల్లె. మాట మెత్తగా మొదలుపెట్టి చురక వేసి ముగిస్తుంది.

కూర్చున్నా చేతులు ఊరుకోవు. ఎదుటి మనిషి తాళాల గుత్తి బల్ల మీద పెడితే చాలు, నా చెయ్యి దాని మీదికి పోతుంది. మొన్న స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక పెళ్లికి పోయాం. పక్కన కూర్చున్న పెద్దమనిషి మాట్లాడుతూనే ఉన్నాడు, నేను ఆయన గుత్తి తీసుకుని దానికున్న కత్తి, కత్తెర, సీసా మూత తీసే కొక్కెం ఒక్కొక్కటీ విప్పి చూసి, మళ్లీ మడిచి పెట్టాను. "ఏం నౌకరి చేసినవే నువ్వు?" అన్నాడాయన. "మంది జేబులు తడిమే నౌకరి" అన్నాను. ఆయన కొంచెం దూరం జరిగాడు.

అబద్ధమేమీ కాదు. భూపాలపల్లిలో ఒక బొగ్గుబాయి మీద పనిచేశాను. గనిని మేం బాయి అనే అంటాం. మొదట ల్యాంప్ రూములో, తర్వాత దిగుడు గేటు దగ్గర తనిఖీలో. లోపలికి పోయే ప్రతి మనిషి నెత్తికీ లైటు కట్టి పంపాలి. బీడీ, అగ్గిపెట్టె, లైటరు, సెల్‌ఫోను, బ్యాటరీతో నడిచే గడియారం, ఇవేవీ లోపలికి పోకుండా చూడాలి. బొగ్గులోంచి గ్యాస్ ఊరుతుంది. అది కంటికి కనబడదు, ముక్కుకు తగలదు. ఎక్కడైనా పేరుకున్నచోట ఒక్క నిప్పురవ్వ పడితే ఆ షిఫ్టులో ఉన్నవాళ్లెవరూ ఇంటికి రారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోను చేసి సలహా అడుగుతారు. ఇంక్రిమెంట్లు, బదిలీలు, ఏ కాగితం ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ ఎవరినడిగినా చెప్తారు. నేను తాళాల గుత్తుల గురించి చెప్తాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మనిషి జేబులో ఉండే అన్నిటికంటే చిన్న పనిముట్టు నా కళ్లముందు ఎన్ని వేషాలు మార్చిందో తెలిస్తే తనిఖీ అంటే ఏమిటో మీకే అర్థమవుతుంది.

మొలతాడుకు వేలాడిన కాలం

నేను చేరిన కొత్తలో బాయి పనికి వచ్చేవాళ్లలో చాలామంది రేగొండ చుట్టుపక్కల పల్లెల రైతులు. వాళ్ల ఇండ్లకు తాళాలే తక్కువ, ఇక తాళాల గుత్తి ఎక్కడిది? మొలతాడుకు ఒక ఇనుప రింగు ఉండేది. దానికి ముల్లు తీసే చిమటా, చెవిలో గుబిలి తీసే పుల్ల, పండ్ల సందులు గెలికే పుల్ల వేలాడుతుండేవి. ఊరి కమ్మరి చేసి ఇచ్చినవి. తండ్రి మొలతాడు నుంచి కొడుకు మొలతాడుకు వచ్చినవి కూడా చూశాను. చెప్పులు లేకుండా నడిచే మనిషికి అంతకంటే పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు.

అప్పటి మా పెద్ద రాజలింగు సార్. ల్యాంప్ రూము ఇన్‌ఛార్జి. మాట కటువు, మనసు కూడా కటువే. లోపల వెన్న ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ పని నేర్పాడు. ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది: బాయిలోకి ఏ అధికారి దిగినా గేటు దగ్గర చేతులెత్తి తనిఖీ ఇచ్చి పోవాలి, మేనేజరైనా సరే. "మేనేజర్ చెయ్యెత్తకపోతే మజ్దూర్ చెయ్యెందుకు ఎత్తుతడురా?" అనేవాడు. మొదటిసారి మేనేజర్ జేబులో చెయ్యి పెట్టేముందు ఆయనకు దండం పెట్టాను. తర్వాత అలవాటైంది. ఆ మొలతాడు రింగుల జోలికి మాత్రం సార్ పోనివ్వలేదు. వాటిలో నిప్పు లేదు, పోనీయ్ అనేవాడు.

జాతర కత్తి, కోతికి దొరికిన కొబ్బరికాయ

తర్వాత మోపెడ్లు వచ్చాయి, బైకులు వచ్చాయి, క్వార్టర్లు వచ్చాయి. తాళాలు వచ్చాయి గనుక గుత్తి వచ్చింది. జాతరకు పోయినవాళ్లందరూ ఒక నెయిల్ కట్టరు కొనుక్కొచ్చేవాళ్లు. దాని పొట్టలోంచి ఒక బుల్లి కత్తి, సీసా మూత తీసే కొక్కెం బయటికి వచ్చేవి. మొదట్లో ఇనుము బాగుండేది. ఉల్లిగడ్డ కోసేవాళ్లు, సద్ది డబ్బా మూత బిగుసుకుంటే తెరిచేవాళ్లు. తర్వాత తర్వాత రేకు పల్చబడింది. గోరు తెగడం మానేసి చిరగడం మొదలైంది.

కొన్నాళ్లకు కత్తి పక్కన ఒక స్క్రూడ్రైవర్ చేరింది. అక్కడ మొదలైంది మా పరేషాన్. మేమిచ్చే క్యాప్ ల్యాంపు లోపల తెరవడానికి వీల్లేదు. తెరిస్తే నిప్పురవ్వ బయటపడుతుంది. అందుకే దానికి సీలు వేసి పంపుతాం. ఒకసారి బొగ్గు నింపే ఫిల్లరు ఒకడు, తన లైటు మినుకుమినుకుమంటోందని, గుత్తిలో స్క్రూడ్రైవర్ ఉంది కదా అని, లోపల కూర్చుని దాన్ని విప్పి బాగుచేసుకున్నాడు. పైకి వచ్చి గొప్పగా చెప్పుకున్నాడు కూడా. రాజలింగు సార్ విన్నాడు. ఆ సాయంత్రమే అతనికి సస్పెన్షన్. కోతికి కొబ్బరికాయ దొరికితే ఊరుకుంటుందా అని నేను జోకు వేశాను, సార్ నవ్వలేదు. "వాడు మంచి పనోడే. చేతిల ఆ పుల్ల లేకపోతే విప్పాల్నన్న బుద్ధే పుట్టకపోవు" అన్నాడు. అది నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అదే మాట నేను పిల్లలకు చెప్తాను. చేతిలో చిన్న పనిముట్టు ఉన్నవాడు పెద్ద పనిముట్టు కోసం లేచిపోడు, దానితోనే కానిచ్చేద్దామని చూస్తాడు. ఆ రోజు నుంచి స్క్రూడ్రైవర్ ఉన్న గుత్తులన్నీ ల్యాంప్ రూములో మేకులకే వేలాడాయి. ఒక్కో మేకు కింద ఒక్కో టోకెన్ నంబరు ఉండేది.

ఆ మేకులను చూసి మనిషిని చెప్పేవాణ్ణి. దేవుడి బిళ్ల, సిలువ గుర్తు, పార్టీ గుర్తు, అల్లుడు దుబాయి నుంచి పంపిన ఎర్ర పిడి కత్తెర. అన్నీ వేలాడేవి. కొన్నేళ్లకు తాళంచెవి ఆకారంలోనే లైటరు వచ్చింది. నొక్కితే మంట. అది చేసినవాణ్ణి ఒక్క షిఫ్టు బాయిలోకి దించాలని నాకు ఇప్పటికీ ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మేం పట్టాలి. అప్పటినుంచి నేను తడమడం తగ్గించి విప్పడం ఎక్కువ చేశాను. గుత్తి అనగానే గుత్తే అనుకోవద్దు. పేరు పాతదే ఉంటుంది, వస్తువు లోపల మారిపోయి ఉంటుంది.

ఇప్పటివి ఇంకో రకం. మొన్న జనగామ బస్టాండు పక్కన కొట్లో ఒకటి చూశాను. అందులో కత్తే లేదు. ఫోన్ సిమ్ తీసే పుల్ల, చార్జింగ్ వైరు ముక్క, ఫోన్ నిలబెట్టే కాలు ఉన్నాయి. మొద్దు చేసిన కత్తెర ఒకటి ఉంది, దారం కూడా తెగదు. "కత్తి ఉంటే పరీక్షకాడ రానియ్యరు, ఇమానంల రానియ్యరు, అందుకే తీసేసిండ్రు పెదనాయినా" అన్నాడు కొట్టతను. ముల్లు తీసే చిమటా ఉందా అని అడిగాను. నా మొహం చూశాడు.

రక్షణ వారం కానుక

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పకుండా తిరుగుతుంటే నాకు ఊపిరాడదు.

బాయి మీద ఏటా రక్షణ వారం జరుపుతారు. ఉపన్యాసాలు, బ్యానర్లు, మిఠాయి. ఆ ఏడు బూట్లు సరఫరా చేసే ఒక వ్యాపారి అందరికీ తాళాల గుత్తి కానుకగా ఇచ్చాడు. మేనేజర్ తన చేత్తో ఒక్కొక్కరికీ పంచాడు. గుత్తి మీద రక్షణే ముఖ్యం అని అచ్చువేసి ఉంది. నాకు ఆరోజు వీక్లీ ఆఫ్. కొడకండ్లలో మా అన్న పొలం దగ్గరున్నాను.

మర్నాడు మొదటి షిఫ్టుకు గేటు దగ్గర నిలబడ్డాను. మొదటి మనిషి చేతులెత్తాడు. జేబులో కొత్త గుత్తి. నెయిల్ కట్టరు, కత్తి, కొక్కెం ఉన్నాయి. చివరన ఒక బొత్తం ఉంది. ఒత్తాను. ఎండలో ఏమీ కనబడలేదు. అరచెయ్యి అడ్డం పెట్టి మళ్లీ ఒత్తాను. తెల్లటి బుడ్డ లైటు.

క్యాప్ ల్యాంపు లోపల రవ్వ పుట్టినా బయటికి రాకుండా కట్టుదిట్టం ఉంటుంది. ఈ బుడ్డ లైటుకు ఏ కట్టుదిట్టమూ లేదు. అందరి గుత్తులూ ఇక్కడ పెట్టి పొమ్మన్నాను. లైను ఆగిపోయింది.

"మేనేజరే ఇచ్చిండు గదనే. ఆయన ఇచ్చింది ఆయన బాయిల పనికి రాదా?" అన్నాడొకడు. వెనక నవ్వులు. షిఫ్టు ఆలస్యమవుతోందని చిన్న ఆఫీసరు ఒకాయన నన్ను తొందరపెట్టాడు. నేను గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

అంతలో మేనేజర్ వచ్చాడు. కోస్తా మనిషి. మాట నెమ్మది. ఆచారం ప్రకారం చేతులెత్తాడు. ఆయన జేబులోనూ అదే గుత్తి. నేనేమీ అనకుండా బొత్తం ఒత్తి, నా అరచేతి నీడలో చూపించాను.

"ఇప్పటికే ఎవరైనా లోపలికి దిగారా?" అన్నాడు.

దిగారు. లోపల ఒకచోట పైకప్పు వదులైందని ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టే కొద్దిమందిని షిఫ్టుకు ముందే పంపారు. అప్పుడు గేటు దగ్గరున్నది వేరే మనిషి. బీడీలు, లైటర్లు వెతికాడు. మేనేజర్ ఇచ్చిన కానుకను ఎవరు అనుమానిస్తారు? అతణ్ణి నేను తిట్టను. మిగిలినవాళ్లు తమ గుత్తులు ఇంట్లో పెట్టి వచ్చారని, వాళ్లను తడిమిన అతనే చెప్పాడు. ఒక్క కొమురయ్య గుత్తి మాత్రం అతని నడుముకే ఉంది.

కొమురయ్యది రేగొండ మండలం. వయసు మీద పడ్డది, మోకాళ్లు అరిగిపోయాయి, రొమ్ము పట్టేస్తుంది. అతని మెడికల్ బోర్డు దగ్గరలో ఉంది. బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే అతని బిడ్డ స్వరూపకు కంపెనీ నౌకరి వస్తుంది. కానీ నిషిద్ధ వస్తువుతో లోపల పట్టుబడితే చార్జిషీటు. చార్జిషీటు ఉంటే ఆ ఫైలు కదలదు. ఆ పిల్ల డిగ్రీ చదివి, ఈ ఒక్క దారి కోసం ఇంట్లో కాచుకుని ఉంది.

బాయి లోపల వైరుతో బిగించిన ఫోనుకు చేశాం. సర్దార్ ఐలయ్య ఎత్తాడు. లోపల పని నడిపించేది, గ్యాస్ కొలిచేది సర్దారే. "కొమురన్న దిమ్మె తెస్తనని పక్క గ్యాలరీకి పోయిండు. ఇంక రాలే. నేను చూసొస్త" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఆ తర్వాత నేను ఫోను దగ్గర్నుంచి గేటుకు, గేటు నుంచి ఫోనుకు తిరిగాను. ఎవరో చాయ్ ఇస్తే పట్టుకుని, తాగకుండా ఎక్కడో పెట్టాను. ఆ గ్యాలరీలో, అంటే ఆ పక్క సొరంగంలో, గాలి సరిగ్గా ఆడదని అందరికీ తెలుసు. కొమురయ్య చేతికి అందేంత దగ్గర్లో ఆ బొత్తం ఉందని నాకు తెలుసు. మేనేజర్ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చివరికి ఫోను మోగింది. దొరికాడు. కేబుల్ బండకు రాసుకుని తెగి, క్యాప్ ల్యాంపు ఆరిపోయిందట. లైటు పోతే ఉన్నచోటే కూర్చోవాలి, ఎవరో ఒకరు వచ్చేదాకా కదలొద్దు. బాయి నియమం అదే. అతను కూర్చున్నాడు.

కొమురయ్య పైకి నడిచి వచ్చేసరికి రొప్పుతున్నాడు. మోకాళ్లతో అంత ఎక్కించినందుకు నన్ను తిడతాడనుకున్నాను. నేను చెయ్యి చాపాను. అతనికి అర్థమైంది. గుత్తి ఇవ్వలేదు.

"రాస్తవా?" అన్నాడు.

"రాయాలె కొమురన్నా. లోపల దొరికింది. రాయకుంటే ఎట్ల?"

అప్పుడు మొలనుంచి గుత్తి విప్పి నా చేతిలో పెట్టాడు.

"రాయి. కని నేను ఒత్తలేదని గూడ రాయి."

"మరి చీకట్ల చేతికి తగల్లేదా?"

"ఎందుకు తగలకపాయె? తగిలింది. బొత్తం మీద ఏలు గూడ పెట్టిన. అక్కడ గ్యాసు ఉన్నదో లేదో చీకట్ల నాకెట్ల తెలుస్తది? ఏలు తీసి కూసున్న."

కొమురయ్య మంకుపట్టు

సేఫ్టీ ఆఫీసరు చార్జిషీటు ఇవ్వాల్సిందేనన్నాడు. నియమం అదే, ఆయన తప్పేమీ లేదు. మేనేజర్ ఒప్పుకోలేదు. ఆ వస్తువు పంచింది తానేనని పైవాళ్లకు తనే రాసి పంపాడు. అందుకు ఆయనకు గట్టిగానే చీవాట్లు పడ్డాయని తర్వాత విన్నాం. నేను చూసిన బాస్‌లలో తన తప్పును కింది మనిషి మెడకు చుట్టకుండా తన దగ్గరే ఉంచుకున్నది ఆయనొక్కడే. కొమురయ్యకు ఒక హెచ్చరిక కాగితం మాత్రం ఇస్తానన్నాడు. సంతకం పెడితే అయిపోతుంది. బోర్డుకు అడ్డం లేదు.

నేనా కాగితం పట్టుకుని ఉరికినట్టే క్యాంటీనుకు పోయాను. గండం గడిచిందని సంతోషం. కొమురయ్య ఒక బల్ల దగ్గర కూర్చున్నాడు. చదివి వినిపించాను: నిషేధిత వస్తువును గనిలోకి తీసుకువెళ్లినందుకు హెచ్చరించడమైనది.

"గంతేనా?" అన్నాడు.

"గంతే. సంతకం పెట్టు, అయిపోతది."

"ఒత్తలేదని లేదు గద."

"అదెందుకే ఇప్పుడు? నీ నౌకరికి ఏం కాలే, బిడ్డ నౌకరికి ఏం కాలే."

"పెట్ట."

నాకు కోపం నషాళానికి అంటింది. అతని కోసం పొద్దుటి నుంచి తిరిగినవాణ్ణి. "నీకు మతి ఉన్నదా? సంతకం పెట్టకపోతే మళ్ల చార్జిషీటే. స్వరూప ఏం కావాలె?" అన్నాను.

"స్వరూప కోసమే అంటున్న. రేపు గా పిల్ల గిదే బాయి మీద పని చేస్తది. లోపల లైటు ఒత్తినోని బిడ్డ అని మంది అంటరు. కాగితంల గట్లనే మిగుల్తది. లైటు ఉండి చీకట్ల కూసున్న అన్నా. నా ముప్పై ఏండ్ల పనిల గంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలే. గది రాయరా?"

కాగితం తీసుకుని మళ్లీ ఆఫీసుకు పోయాను.

మేనేజర్ విసుక్కోలేదు. కానీ, "నేను చూడనిది నేనెలా రాస్తాను? ఒత్తాడో లేదో ఎవరికి తెలుసు?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. నేను ఐలయ్యను పిలుచుకొచ్చాను. ఐలయ్య మాటలు కూడబలుక్కునే మనిషి కాదు. చూసింది చూసినట్టు చెప్పాడు.

"నేను పోయేసరికి కటిక చీకటి సార్. పిలిస్తే పలికిండు. నా లైటు మొకం మీద పడంగనే రెండు చేతులు అడ్డం పెట్టుకొని కండ్లు మూసుకున్నడు. జరసేపు తెరువలేకపోయిండు. వెలుతురు చూసినోని కండ్లు గట్ల కావు సార్. చాలాసేపు చీకట్ల ఉన్నోనికే గట్లయితయి."

మేనేజర్ సేఫ్టీ ఆఫీసరు వైపు చూశాడు. ఆయన అభ్యంతరం చెప్పలేదు. మేనేజర్ ఆ కాగితం కిందనే తన చేత్తో ఇంకో వాక్యం రాసి, పక్కన సంతకం పెట్టి నాకిచ్చాడు.

కొమురయ్య అదే బల్ల దగ్గర ఉన్నాడు. అతనికి చదువు కూడబలుక్కుని చదివేంత ఉంది గాని కళ్ల నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. నన్నే చదవమన్నాడు.

"క్యాప్ ల్యాంపు ఆరిపోయినప్పుడు ఆ లైటు చేతిలో ఉన్నా వెలిగించకుండా, నియమం ప్రకారం చీకటిలోనే కూర్చున్నాడు" అని చదివాను.

చుట్టుపక్కల బల్లల దగ్గర చాయ్ తాగుతున్నవాళ్లు మాటలు ఆపి వింటున్నారు. కొమురయ్య వాళ్ల వైపు ఒకసారి చూశాడు.

"జర గట్టిగ చదువన్నా" అన్నాడు.

గట్టిగా చదివాను. అప్పుడు పెన్ను అడిగాడు.